ఎండాకాలం పొలంలో మీ రోజు ఎలా నడుస్తోంది? మాకైతే మధ్యాహ్నాలు గడవట్లేదు

రెండెకరాలు_రెండావులు
పోయిన వారం మా నాన్న పొలంలో కళ్ళు తిరిగి కూర్చుండిపోయాడు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయ్యుంటుంది, టమాటా సాళ్ళలో కలుపు తీస్తున్నాడు, నేను మోటారు దగ్గర ఉన్నా. వచ్చి చూస్తే గట్టు మీద కూర్చుని చేతిలో కొడవలి అలాగే పట్టుకుని నా వైపు ఊరికే చూస్తున్నాడు, రెండు మూడు సార్లు పిలిస్తే గానీ పలకలేదు. నీడకి తీసుకెళ్ళి తల మీద నీళ్ళు పోస్తే అరగంటకి తేరుకున్నాడు. సాయంత్రం నేను పాలు పితికి వచ్చేసరికి మళ్ళీ అదే సాళ్ళో ఉన్నాడు.

రెండెకరాలు, రెండు ఆవులు, ఒక గేదె, ఇరవై దాకా కోళ్ళు. చేసేది మేమే, నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. బయటివాళ్ళంతా ఎండాకాలం కదా పొలం ఖాళీయే కదా రెస్టే కదా అంటారు. ఖాళీ ఎక్కడుంది? పాలు తగ్గిపోయాయి, గుడ్లు పట్టుకుంటే పగిలిపోతున్నాయి, టమాటా పూత రాలిపోతోంది, కుంటలో నీళ్ళు రోజురోజుకీ దిగిపోతున్నాయి. మధ్యాహ్నం పని వద్దని నాన్నకి చెప్తే మీ తాత ఎండలోనే చేశాడురా అంటాడు.

మీ ఇళ్ళల్లో ఎవరు ఎన్నింటికి లేస్తారు, ఎన్నింటికి ఆపుతారు, మధ్యలో ఏం చేస్తారు? నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా.

చెట్టునీడ
మిగతావన్నీ తర్వాత, ముందు నాన్నగారి సంగతి. పిలిస్తే పలకలేదు, ఊరికే చూస్తున్నాడు అన్నావు చూడు, అది అలసట కాదు తమ్ముడూ. అలసిపోయిన మనిషి విసుక్కుంటాడు, నీళ్ళు అడుగుతాడు. తికమకపడి మాట అందకపోతే వడదెబ్బ మొదలైనట్టే. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలకి చేరితే మెదడు మీద పనిచేస్తుంది. నేను చాలా ఏళ్ళు నర్సుగా చేశా, తర్వాతే పొలానికి వచ్చా, అందుకే గట్టిగా చెప్తున్నా.

అలా జరిగితే ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే చల్లబరచడం మొదలుపెట్టాలి. బట్టలు వదులు చేసి ఒళ్ళంతా తడిపి విసరాలి, మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు పెట్టాలి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో మాత్రం నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తేరుకున్నాడు కదా అని వదిలేయకుండా డాక్టరుకి చూపించు. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే ప్రమాదం ఎక్కువ.

రెండెకరాలు_రెండావులు
చూపించాం అక్కా, రక్తపరీక్ష కూడా చేశారు, పర్లేదన్నారు. రెండు వారాలు ఎండలోకి వెళ్ళొద్దన్నారు. ఆయన విన్నది రెండు రోజులు.

నల్లరేగడి
మా నాయినది గూడ గిదే పంచాయితీ. ఎండల చెయ్యకపోతే రైతే కాదన్నట్టు మాట్లాడుతడు. నేను కొట్లాడి కొట్లాడి లాస్టుకి ఒక పని జేసిన. పొద్దుగాల నాలుగింటికి నేనే లేసి ఆయన చెయ్యాల్సిన పనంత ఆయన లేవకముందే జేసి పెట్టిన. పదింటికి వచ్చి సూస్తే చెయ్యనీకి ఏం లేదు. వారం దినాలు అట్ల జేసిన, ఎనిమిదో రోజు ఆయననే నాకంటే ముందు లేసిండు 😄

కోడికూత
నల్లరేగడి అన్నా, ఇది మా ఇంట్లో కూడా పనిచేస్తుంది, రేపే మొదలుపెడతా.

అన్నట్టు గుడ్లు పట్టుకుంటే పగులుతున్నాయన్నారు కదా, రోగమేదో వచ్చిందని కంగారుపడొద్దు, ఎండకి అలాగే అవుతుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి ఎగశ్వాస తీసే ఒంటి వేడి బయటికి పంపాలి. అలా గబగబా ఊపిరి తీస్తుంటే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది, గుడ్డు పెంకు తయారవడానికి కావలసిన సరుకుల్లో అదొకటి. ఇంకోపక్క తిండి కూడా తగ్గిస్తుంది కాబట్టి సున్నం అందదు. అందుకే పెంకు కాగితంలా వస్తుంది.

నేను చేసేది చెప్తా. మేత తెల్లవారకముందే ఒకసారి, మళ్ళీ సాయంత్రం. మధ్యాహ్నం మేత అసలు ముందు పెట్టను, తిన్నది అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడే పుడుతుంది కదా. గవ్వల పొడి వేరే చిప్పలో సాయంత్రం పెడతా, రాత్రే పెంకు కట్టేది. నీళ్ళ మీద కన్నేసి ఉంచాలి. ఎండలో వేడెక్కిన నీళ్ళని కోడి ముక్కుతో ముట్టి వదిలేస్తుంది, గిన్నె నిండా ఉన్నాయి కదా అని మనం అనుకుంటాం, అది దాహంతోనే ఉంటుంది. చెయ్యి పెట్టి చూడండి, మీకు గోరువెచ్చగా తగిలితే మార్చేయండి. మధ్యాహ్నం మూడుసార్లు మారుస్తా నేను.

మోటారుషెడ్
మూడుసార్లా! మా ఇంట్లో మనుషులకే ఎవరూ అన్నిసార్లు మార్చరు.

కోడికూత
@మోటారుషెడ్ అయితే మీ కుండకి కూడా ఓ మనిషిని పెట్టండి 😀

పశువైద్యుడు_రిటైర్డ్
పాల గురించి కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిక ఉంటే చదవండి.

ఆవు పొట్టంటే ఒక పొయ్యి అనుకోండి. మేత లోపల పులుస్తున్నంతసేపూ వేడి పుడుతూనే ఉంటుంది, తిన్న కొన్ని గంటలకి ఆ వేడి బాగా పెరుగుతుంది. పొద్దున్న తొమ్మిదింటికి ఎండుగడ్డి గంపెడు వేశారనుకోండి, సరిగ్గా మిట్టమధ్యాహ్నానికి లోపలి పొయ్యీ పైన సూర్యుడూ కలిసి కాలుస్తారు. ఆవు తెలివైనది, మేత ముట్టడం మానేస్తుంది. మనమేమో దాణా మార్చాలేమో, మందు వెయ్యాలేమో అని తిరుగుతాం. ఎండుమేతలో ఎక్కువ భాగం పొద్దువాలాక రాత్రికి పెట్టండి, తెల్లవారుజామున కొంత, పగలు పచ్చిమేత కొద్దికొద్దిగా. దాణా కూడా చల్లపొద్దులోనే.

నీళ్ళు. ఎండల్లో పాలిచ్చే పెద్ద ఆవు రోజుకి 100 లీటర్లు దాటి తాగగలదు. పొద్దున ఒక బకెట్టు సాయంత్రం ఒక బకెట్టు చూపించి తాగిందిలే అనుకోవడం దానికి అన్యాయం. తొట్టి నీడలో ఉండాలి, ఎప్పుడూ నీళ్ళుండాలి, నాచు పట్టకుండా కడగాలి.

గేదె విషయం వేరు. దాని ఒంట్లో చెమట గ్రంథులు ఆవుకున్నన్ని లేవు, చర్మమేమో నలుపు, ఎండనంతా లాక్కుంటుంది. నీళ్ళల్లో పడుకుంటే గానీ అది చల్లబడదు, దాన్ని బద్ధకం అనుకోవద్దు. కుంట లేకపోతే రోజుకి మూడు నాలుగు సార్లు ఒళ్ళు తడపాలి.

తడపడం కూడా పైపైన చల్లితే లాభం లేదు, నీళ్ళు చర్మం దాకా దిగాలి, తర్వాత గాలి తగలాలి. నీళ్ళు ఆవిరైపోతూ వేడిని తీసుకుపోతాయి, చల్లదనం అక్కడి నుంచే. గాలి ఆడని పాకలో సన్నటి తుంపర కొట్టి తలుపులు మూస్తే పాకంతా ఆవిరిగదిలా తయారవుతుంది, ముందుకంటే కష్టం.

ఇంకొకటి, పాలు తగ్గడం ఎండ కొట్టిన రోజే కనపడదు, రెండు రోజులు వెనకగా వస్తుంది. ఈ రోజు తగ్గాయంటే మొన్నటి మధ్యాహ్నం ఎలా గడిచిందో గుర్తు తెచ్చుకోండి.

రెండెకరాలు_రెండావులు
డాక్టర్ గారూ ఇది చదివి మా ఆవిడకి వినిపించా. మేం సరిగ్గా తొమ్మిదింటికే వేస్తున్నాం ఎండుగడ్డి. పదేళ్ళుగా. ఎండ దెబ్బ తగులుతోందని ముందే తెలుసుకోవడానికి గుర్తు ఏమైనా ఉందా?

పశువైద్యుడు_రిటైర్డ్
ఉంది, దానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఆవుకి నాలుగడుగుల దూరంలో నిలబడి డొక్క చూడండి. లోపలికి పోయి బయటికి వస్తే ఒకటి. గడియారం పెట్టుకుని నిమిషం లెక్కపెట్టండి. నిమిషానికి 60 దాటితే దానికి వేడి ఎక్కువైందని అర్థం. 80 దాటితే ఆలోచించొద్దు, నీళ్ళు పోయండి. నోరు తెరిచి నాలుక బయటపెట్టి చొంగ కారుస్తుంటే నీళ్ళు పోస్తూనే డాక్టరుకి ఫోన్ చెయ్యండి.

డ్రిప్_బాబు
టమాటా పూత సంగతి నేను చెప్తా. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 కంటే దిగకపోయినా పుప్పొడి చచ్చుబడిపోతుంది, పువ్వు నిలబడదు. ఎన్ని మందులు కొట్టినా అంతే, ఆ డబ్బు దండగ. నీడవల, 35 శాతం ఎండ ఆపేది, కట్టి చూడండి, మొక్క మొదట్లో గడ్డి పరవండి, నీళ్ళు తెల్లవారుజామున ఇవ్వండి. పూత రాలినా మొక్క బతికుంటే చల్లబడ్డాక మళ్ళీ పూస్తుంది, పీకేయొద్దు.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. డ్రిప్ పైపులు నల్లవి కదా, మధ్యాహ్నం మోటారు వేస్తే పైపులో నిలవున్న నీళ్ళు సలసలా వస్తాయి. నేనొకసారి రెండింటికి వేసి చివరి డ్రిప్పర్ దగ్గర వేలు పెట్టా, చురుక్కుమని వెనక్కి లాక్కున్నా. ఆ నీళ్ళు పోయేది లేత వేరు మీదకి. సాళ్ళ వెంబడి పోయే సన్న పైపుల (లేటరల్స్) మీద కూడా గడ్డి కప్పేయండి.

తూనీగ
డ్రిప్ అంతా కంపెనీల వాళ్ళు అమ్ముకోడానికి పెట్టింది బాబూ, మా తాతలు బోదెల్లో పారించే పండించారు.

డ్రిప్_బాబు
@తూనీగ అది ఆలోచించింది ఒక నీళ్ళ ఇంజనీరు, సిమ్ఖా బ్లాస్ అని. పైపు లీకవుతున్న చోట ఉన్న చెట్టు పక్క చెట్లకంటే ఏపుగా ఉండటం చూసి, చుక్కలు చుక్కలుగా ఇస్తే చాలు కదా అనుకున్నాడు. చాలా ఏళ్ళు దాని మీదే పనిచేశాక 1965లో ఇజ్రాయెల్లో హత్సెరిమ్ అనే చోట ఉమ్మడి సేద్యం చేసుకునే రైతులు ఆయనతో కలిసి తయారీ మొదలుపెట్టారు. అంటే ఎడారిలో నీళ్ళు లేక అల్లాడుతున్న రైతులే మొదలుపెట్టింది. తాతల కాలంలో నీళ్ళున్నాయి కాబట్టి పారించారు.

తూనీగ
సరే లీకు కథ బాగుంది, ఒప్పుకుంటా. మా ఇంట్లో కుళాయి లీకవుతుంది, కింద పుదీనా అడవిలా ఉంది, నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదు.

అమ్మాయిపొలం
ఇక్కడ అందరూ నాలుగింటికి లేవండి, రాత్రికి మేత వేయండి, తెల్లవారుజామున నీళ్ళు పెట్టండి అంటున్నారు, చదవడానికి బాగానే ఉంది గానీ పడుకునేది ఎప్పుడు? రాత్రి పదకొండు దాకా గోడలు సెగలు కక్కుతుంటాయి, నిద్ర పట్టేసరికి పన్నెండు. నాలుగింటికి మళ్ళీ లేస్తే నాలుగు గంటల నిద్ర. పోయిన ఏడాది నెలరోజులు ఇలాగే చేసి మేత ముక్కలు చేసే చాఫ్ కట్టర్ దగ్గర తూలి పడబోయాను, మా అత్తగారు జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. అది తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

ఇంకో విషయం కూడా ఎవరూ రాయట్లేదు. మధ్యాహ్నం పని ఆపేసి నీడలో కూర్చోండి అంటే మగవాళ్ళు కూర్చుంటారు. రేకుల కింద పొయ్యి ముందు నిలబడేది ఎవరు? పొలంలో కంటే అక్కడే ఎక్కువ ఉక్క. పని గంటలు మార్చేటప్పుడు ఆ పనిని కూడా లెక్కలోకి తీసుకోండి.

చెట్టునీడ
అమ్మాయిపొలం చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, నేను కూడా రాయనందుకు బాధగా ఉంది. వంట కూడా తెల్లవారుజామునే అయిపోవాలి, ఆ పనిలో ఇంకో చెయ్యి పడాలి. మేం ఎండలు తగ్గేదాకా పొయ్యి బయట చెట్టు కిందకి మార్చేస్తాం.

నిద్ర రెండు ముక్కలు చేసుకోండి. రాత్రి ఓ అయిదు గంటలు, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా రెండో ముక్క. ఆ రెండో ముక్క ఖచ్చితంగా పడుకోవాలి, ఫోన్ చూసుకుంటూ దొర్లితే కాదు. ఇంట్లో అందరూ ఒకేసారి పడుకోవాలి, ఒకరు లేచి తిరుగుతుంటే మిగతావాళ్ళకి పట్టదు.

నల్లరేగడి
మా ఇంట్ల పగటిపూట పండుకుంటే ఇల్లు గలీజైతదని అమ్మ ఒప్పుకోకపోయేది. అక్కా నువ్వు జెప్పినట్టు అందరం ఒక్కసారే పండుకుంటున్నం ఇప్పుడు. మొన్న ఎవరో వచ్చి తలుపు కొట్టి కొట్టి పోయిండంట, ఊర్లకు పోయిన్రేమో అనుకున్నడంట.

నీటికుంట
కుంట దిగిపోతోంది అన్నారు కదా, ఇంకిపోతోందో ఆవిరైపోతోందో ముందు తేల్చుకోండి. ఒక కర్రకి గీతలు పెట్టి కుంటలో పాతండి. మోటారు వెయ్యని రోజు చూసుకుని, సాయంత్రం ఒకసారి తెల్లారి ఒకసారి చూడండి. రాత్రిపూట ఆవిరి చాలా తక్కువ. రాత్రి కూడా పగలంతే దిగితే కింద నుంచి పోతున్నట్టు.

ఆవిరి చిన్నదనుకోవద్దు. ఎండా పొడిగాలీ బాగా ఉంటే రోజుకి 8 మిల్లీమీటర్లు పోవచ్చు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. 20 మీటర్లు 15 మీటర్ల కుంట అనుకుంటే 300 చదరపు మీటర్లు, రోజుకి 2400 లీటర్లు గాల్లోకి. ఒక్క చుక్క మొక్కకి పోకుండానే. డాక్టర్ గారి లెక్కన ఇరవైకి పైగా ఆవులు తాగే నీళ్ళు అవి.

కాబట్టి కుంట వెడల్పు కాకుండా లోతుగా ఉండాలి. గాలి వచ్చే వైపు ఒక వరస చెట్లు పెట్టండి, గాలి వేగం తగ్గితే ఆవిరి తగ్గుతుంది. రెండు చిన్న కుంటలుంటే రెండింట్లో సగం సగం ఉంచకుండా ఒకదాన్లోకి తోడేయండి, నీళ్ళ పైభాగం సగానికి సగం తగ్గుతుంది.

మోటారుషెడ్
ఈ చివరి మాట ఒక్కటి చాలు నాకు. రెండు కుంటలూ అడుగున పెట్టుకుని కూర్చున్నా, ఇవాళే తోడేస్తా.

పశువైద్యుడు_రిటైర్డ్
తోడాక అడుగున మిగిలిన పచ్చనీళ్ళు పశువుల్ని తాగనివ్వొద్దు. వేడికి నీళ్ళ మీద పచ్చరంగు పోసినట్టు తెట్టు కడితే కొన్ని రకాల నాచు విషం. తెలియనప్పుడు దూరంగా ఉంచడమే మేలు.

విత్తులమూట
ఖాళీ మడి ఏమైనా ఉందా? ఉంటే ఈ ఎండని వాడుకోండి. మేం కూరగాయల నారుమడికి ఏటా చేస్తాం. దుక్కి దున్ని, గడ్డలు లేకుండా చదును చేసి, బాగా నీళ్ళు పెట్టి, పారదర్శకంగా ఉండే పల్చటి పాలిథిన్ కప్పి అంచులు మట్టితో మూసేయడమే. నాలుగు నుంచి ఆరు వారాలు. కింద మట్టి వేడెక్కి కలుపు విత్తనాలు, వేరుకుళ్ళు తెగుళ్ళ శిలీంద్రాలు చాలావరకు చస్తాయి. 1976లో యాకోవ్ కతాన్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసేవాళ్ళు ఇది ప్రచురించాక చాలా దేశాల్లో చేస్తున్నారు. నల్ల పాలిథిన్ వెయ్యొద్దు, వేడి పైనే ఆగిపోతుంది, కింద మట్టికి అంతగా దిగదు. మట్టి తడిగా ఉండాలి, పొడి మట్టిలో వేడి కిందకి పోదు.

పెద్ద పొలమైతే వేసవి దుక్కి ఎలాగూ ఉంది. తుంగ గడ్డలు పైకి వచ్చి ఎండిపోతాయి, పురుగుల కోశాలు బయటపడి పిట్టలు తినేస్తాయి.

తూనీగ
ఇక్కడ నాకు గట్టి అభ్యంతరం ఉంది. మట్టిని తిరగేసి బట్టలిప్పినట్టు ఎండలో పడేస్తే పురుగుతో పాటు వానపాము కూడా చస్తుంది, ఉన్న కాస్త సేంద్రియ పదార్థం కరిగిపోతుంది. నేను ఆరేళ్ళుగా ఎండాకాలం దున్నట్లేదు, ఎండుటాకులు, చెత్త, చొప్ప ముక్కలు జానెడు మందాన కప్పి ఉంచుతా. మధ్యాహ్నం పక్క చేను మట్టి మీద కాలు పెట్టలేం, నా దాంట్లో చెత్త తీసి చెయ్యి పెడితే చల్లగా, తడిగా ఉంటుంది, వానపాము విసర్జించిన గుళికలు కనపడతాయి.

విత్తులమూట
@తూనీగ మీ పొలంలో తుంగ ఉందా?

తూనీగ
తుంగ లేదు.

విత్తులమూట
అదే నేను చెప్పేది. తుంగ ఉన్నవాళ్ళు ఒకటి రెండేళ్ళు దున్నాలి, తగ్గాక మీలా కప్పుకోవాలి. వాలు ఉన్న నేలైతే వాలుకి అడ్డంగా దున్నాలి, లేకపోతే మొదటి వానకే మట్టి కొట్టుకుపోతుంది. మీ పద్ధతి తప్పని నేను అనట్లేదు, నా పాతికేళ్ళ తుంగ బాధ మీకు తెలియదు అంటున్నా.

తూనీగ
సరే, తుంగ దగ్గర నేను వాదించను. అది శత్రువుకి కూడా వద్దు.

కొత్తగా_పొలం
రెండేళ్ళయింది ఉద్యోగం మానేసి వచ్చి. చిన్న ప్రశ్న. వచ్చే ఏడాదికి దాచిన విత్తనాలు అటక మీద పెట్టా, రేకుల ఇల్లు, పర్లేదా?

విత్తులమూట
వెంటనే దింపండి! విత్తనానికి వేడీ తేమా రెండూ పడవు. విత్తనంలో తేమ ఒక శాతం తగ్గితే నిల్వ ఉండే కాలం రెట్టింపు, వేడి 5 డిగ్రీలు తగ్గితే ఇంకో రెట్టింపు అని హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త చెప్పిన లెక్క. నీడలో బాగా ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో పోసి ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో నేల మీద చెక్క వేసి పెట్టండి. రేకుల కింద అటకంటే పొయ్యి మీద పెట్టినట్టే.

కొత్తగా_పొలం
దింపేశా. డబ్బా పట్టుకుంటే చెయ్యి కాలింది. ఏడుపొచ్చింది.

విత్తులమూట
ఏడవకండి, తడిగుడ్డలో ఒక వంద గింజలు చుట్టి మొలక చూడండి. ఎనభై మొలిస్తే ధైర్యంగా ఉండండి, అరవై అయితే విత్తేటప్పుడు మోతాదు పెంచండి.

గడ్డివాము
నిల్వ అంటే గుర్తొచ్చింది. వాము వేసేవాళ్ళు గడ్డి పూర్తిగా ఆరాకే వేయండి. తేమ 20 శాతం దాటిన గడ్డిని గట్టిగా తొక్కి వాము పెడితే లోపల దానంతట అదే వేడెక్కుతుంది, నిప్పు ఎవరూ పెట్టక్కర్లేదు. మాది అలాగే పోయింది. తొందరపడి వేశాం, మూడో వారం రాత్రి తీపిగా, మాడిన బెల్లంలాంటి వాసన వస్తోంది అని మా చెల్లి అంటే ఎవరం పట్టించుకోలేదు. తెల్లారేసరికి పొగ.

ఇప్పుడు వాములో పొడవాటి ఇనప కడ్డీ గుచ్చి ఉంచుతాం. రోజూ లాగి పట్టుకుని చూస్తాం. చేతికి వెచ్చగా ఉంటే పర్లేదు, పట్టుకోలేనంత వేడిగా ఉంటే ప్రమాదం. అంత వేడెక్కిన వాముని మీరే విప్పబోవద్దు, గాలి తగలగానే భగ్గుమంటుంది, అగ్నిమాపక వాళ్ళని పిలిచాకే ముట్టుకోండి. పశువుల పాకకి ఆనించి వాము ఎప్పుడూ వెయ్యొద్దు. మాకు దూడ ఒకటి పోయింది, అందుకే ఇంత రాస్తున్నా.

అమ్మాయిపొలం
గడ్డివాము గారూ, చదివి కాసేపు ఏం రాయలేకపోయాను. కడ్డీ ఇవాళే పెట్టిస్తా.

పశువైద్యుడు_రిటైర్డ్
ఇంకో ప్రాణాపాయం కూడా చెప్పాలి. నీళ్ళు లేక వాడిపోయిన లేత జొన్న, కోశాక ఒక వాన పడగానే వచ్చే పిలకలు, వీటిలో సయనైడ్ విషం తయారవుతుంది. ఆకలి మీదున్న పశువు ఒక్కసారి మెడ దింపి మేస్తే నిమిషాల్లో పడిపోతుంది. పూతకి వచ్చిన జొన్న పెట్టండి, లేతది వద్దు. మేసి తూలుతుంటే వెంటనే డాక్టరుని పిలవండి, విరుగుడు ఇంజెక్షన్ ఉంది, అందితే బతుకుతుంది.

కొత్తగా_పొలం
పాములు కూడా ఎక్కువ కనపడుతున్నాయి మాకు. పోయిన వారం నీళ్ళ కుండ పక్కనే చుట్టుకుని ఉంది.

నల్లరేగడి
దానికి గూడ దప్పికైతది గద. కుండను ఎత్తు మీద పెట్టు, ఇంటి సుట్టు కట్టెల కుప్పలు దూరం జరుపు. రాత్రి నీళ్ళు పెట్టనీకి పోయేటప్పుడు టార్చి, మోకాళ్ళ దాకా బూట్లు లేకుండ అడుగు పెట్టకు. కుట్టిందంటే కోసుడు, నోటితోని పీల్చుడు, తాడు బిగించుడు ఏం వద్దు, కాలు కదలకుండ పెట్టి దవాఖానకు తీస్కపోవుడే.

చెట్టునీడ
నీళ్ళ మాట వచ్చింది కాబట్టి మనుషుల నీళ్ళు కూడా చెప్పేస్తా. ఎండలో పని చేస్తుంటే దాహం వేసేదాకా ఆగొద్దు, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు. వయసు మళ్ళినవాళ్ళకి దాహం తెలియడమే తగ్గిపోతుంది, చెమట కూడా తక్కువ, మీ నాన్నగారు నాకు దాహం వెయ్యట్లేదురా అంటే అబద్ధం చెప్తున్నట్టు కాదు, ఆయనకి నిజంగానే తెలియట్లేదు. బాగా చెమట పోస్తే లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి. బీపీ, షుగర్ ఉంటే డాక్టర్ని అడిగాకే. ఇంకోటి, ఎండకి ఒళ్ళు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, సెలవులకి వచ్చిన పిల్లల్ని మొదటి రోజే పొలంలోకి దింపొద్దు.

మోటారుషెడ్
రెండు కుంటలూ ఒకటి చేశా. ఖాళీ అయిన కుంటలో మా పిల్లాడి చెప్పు దొరికింది, మూడేళ్ళ నాటిది. ఒక్కటే.

కోడికూత
రెండోది ఇప్పుడు నిండిన కుంటలో ఉంటుంది, వచ్చే ఏడాది అటు తోడండి 😂

రెండెకరాలు_రెండావులు
పదకొండు రోజులైంది, ఏం జరిగిందో చెప్పాలని వచ్చా.

నల్లరేగడి అన్న చెప్పినట్టు నాలుగింటికి లేచి కలుపు నేనే తీసేశా. మూడో రోజే నాన్న కనిపెట్టేశాడు, కోపం కూడా వచ్చింది, నన్ను ముసలివాడిని చేశావా అన్నాడు. ఆ మాటకి నాకేం చెప్పాలో తెలియలేదు. మా ఆవిడే, మావయ్యా మీరు మధ్యాహ్నం ఆవుల దగ్గర ఉండాలి, అవి ఎలా ఊపిరి తీస్తున్నాయో ఇంట్లో ఎవరికీ చూడటం రావట్లేదు అంది. డాక్టర్ గారు రాసింది చదివి వినిపించింది. రెండుసార్లు చదివించుకున్నాడు.

ఇప్పుడు మధ్యాహ్నం మా అందరి నిద్ర అయ్యేదాకా ఆయన పాకలో నులకమంచం వేసుకుని కూర్చుంటున్నాడు. పాక కప్పు మీద గడ్డి పరిచాం, పడమర వైపు తడి గోనెలు వేలాడదీశాం. పక్కన మా పెద్దది, తొమ్మిదేళ్ళు, నోటు పుస్తకంలో రాస్తుంది. ఆయన డొక్క చూసి ఒకటీ రెండూ అని లెక్కపెడతాడు, అది నా ఫోన్‌లో టైమ్ చూస్తుంది. ఎండుగడ్డి రాత్రికి మార్చాం. పాలు పూర్తిగా రాలేదు గానీ తగ్గడం ఆగింది, మొన్నటి నుంచి అర లీటరు పెరిగింది. వంట అమ్మా నేనూ తెల్లవారుజామున చేస్తున్నాం, అమ్మాయిపొలం గారూ ఇది మీకోసమే రాస్తున్నా.

టమాటా పూత ఇంకా రాలుతోంది. నీడవల కట్టింది నాలుగు సాళ్ళకే.

అమ్మాయిపొలం
మీరు వంట చేస్తున్నారా! మా ఆయనకి ఈ పోస్టు పంపించా ఇప్పుడే.

చెట్టునీడ
నాన్నగారికి ఆ మంచం దగ్గరే నీళ్ళ చెంబు పెట్టండి. పెద్దపాప లెక్క రాసిన ప్రతిసారీ తాతా ఒక గుక్క అనమనండి.

పశువైద్యుడు_రిటైర్డ్
పుస్తకంలో ఏం లెక్కలున్నాయి? నాకు చూడాలనుంది.

రెండెకరాలు_రెండావులు
నిన్నటివి రాస్తున్నా డాక్టర్ గారూ. ఎర్రావు ఒంటిగంటకి 84, నీళ్ళు పోశాక రెండింటికి 66, రాత్రి తొమ్మిదింటికి 44. తెల్లావు ఒంటిగంటకి 71, రాత్రి 40.

పశువైద్యుడు_రిటైర్డ్
చాలా బాగా చూస్తున్నారు. ఎర్రావుని పన్నెండింటికే తడపండి, 84 దాకా పోనివ్వొద్దు. గేదెది రాయలేదే?

రెండెకరాలు_రెండావులు
గేదె కుంటలో ఉంది డాక్టర్ గారూ. ముక్కు ఒక్కటే పైకి ఉంది, డొక్క కనపడట్లేదు అని రాసింది మా పాప.